పగులు మీద కాగితం

నవంబరు గాలివాన వెలిసిన తెల్లారి, గూడూరులో మగ్దలీనమ్మ ఇంటి వీధిగది గోడకు పగులు కనబడింది. దూలం కింద మొదలై వంకరటింకరగా కిటికీ దాకా దిగింది. చూసీ చూడగానే ఆమె మనసులో ఆ గోడ కూలిపోయింది. దాని కింద కూతురు ప్రేమలీల ఉంది. నిజానికి ప్రేమలీల విడవలూరులో అత్తగారింట ఏడో నెలతో నిక్షేపంగా ఉంది. జనవరిలో తొలి కాన్పుకు పుట్టింటికి రావాలి. ఇంట్లో తలుపున్న గది అదొక్కటే.

"నీకు మబ్బు పడితే వరద, ఎవరన్నా తుమ్మితే క్షయ," అన్నాడు భర్త అబ్రహాము, అబ్రకం షెడ్డుకు బయలుదేరుతూ. "పోయి ఓవర్సీరు గారిని పిలిపించు."

మునిసిపాలిటీ ఓవర్సీరు కామాక్షయ్య వచ్చి గోడను వేళ్ళతో తట్టి చూశాడు. పగులుకు అడ్డంగా జానెడు కాగితం అంటించి, దాని మీద పెన్సిలుతో తేదీ వేశాడు.

"నెల రోజులు చూద్దామమ్మా. ఇది చినక్కుండా ఉంటే గోడ కదల్లేదని. పగులు పూడ్చి దూలం మార్చుకునేదానికి పర్మిషను రాసిస్తా. చినిగిందా, గోడ దించాల్సిందే. పాత గోడ నిలబడి ఉన్నన్నాళ్ళే పాత హద్దు. దించి కట్టేటప్పుడు వీధికి మూడడుగులు లోపలికి జరిపి కట్టాల."

"గది ఉండేదే ఎనిమిదడుగులు సార్."

"రూలు నేను పెట్టలేదమ్మా."

ఆనాటినుంచి ఆమె ప్రార్థనకు ముందొకసారి, ప్రార్థన అయ్యాక ఒకసారి కాగితాన్ని చూసుకునేది. క్రిస్మసుకని పేటంతా సున్నాలు వేసుకుంటుంటే తనూ వేసింది, కాగితం అంచుకు కుంచె తగలకుండా. మర్నాడు చూస్తే కాగితం నడిమికి చినిగి ఉంది.

మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివిన మనిషి. తేదీ చూసి రాయడం ఎంత పని? గంజి రాసి, పాత దాని మీదే కొత్త కాగితం అంటించింది. కామాక్షయ్య ఐదు అంకెకు పెట్టిన తోకతో సహా దించేసింది. ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ గదిలోకి పిల్లిని కూడా పోనివ్వలేదు.

నెల తిరగ్గానే కామాక్షయ్య వచ్చాడు. కాగితం చెక్కుచెదరకుండా ఉంది.

"చూసినారా సార్? నెల రోజులు నాకు తిండి సహించనీలేదు ఈమె," అని నవ్వాడు అబ్రహాము.

కామాక్షయ్య మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. "ఇంక భయం లేదమ్మా. బిడ్డ మంచం ఈ గోడవారనే వేయండి. కిటికీ గాలి తగులుతుంది."

మగ్దలీనమ్మ పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"రాయొద్దు సార్. అది మీ కాగితం కాదు. మీది ఎప్పుడో చినిగిపోయింది. ఇది నేను అంటించిన మూడోది."

కామాక్షయ్య లేచి గోరుతో కాగితం ఊడదీశాడు. దాని కింద చినిగినది ఒకటి, దాని కింద ఇంకొకటి. అట్టడుగున తన తేదీ రెండు ముక్కలై, మధ్యలో వేలు దూరేంత సందు.

"నాకన్నా చెప్పకపోతివే," అన్నాడు అబ్రహాము మెల్లగా.

"చెప్తే నవ్వుతావని."

కామాక్షయ్య పుస్తకంలో రాసిన కాగితం చించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ పూటే దూలం కింద రెండు గుంజలు నిలబెట్టించు అబ్రహామూ. గోడ దించేదానికి రేపు రాసిస్తా. గట్టిగా పూనుకుంటే బిడ్డ వచ్చేలోపల కొత్త గోడ లేస్తుంది. మూడడుగులు మాత్రం నా చేతిలో లేదు."

ఆయన వెళ్ళాక మగ్దలీనమ్మ నులకమంచాన్ని గదిలోకి ఈడ్చి, మిగిలే ఐదడుగుల్లో అటూ ఇటూ తిప్పింది. నిలువుగా పట్టలేదు. అడ్డంగా పట్టింది. మంత్రసాని తలుపు దగ్గర నిలబడాలి, అంతే.

"అయితే వీధిలో ఆ మూడడుగులు ఖాళీగా ఉంటాయి గదా," అంది. "ఎవడన్నా బండి తెచ్చి నిలిపితే? ఎద్దు కిటికీలో తల పెడితే?"

అబ్రహాము ఈసారి నవ్వలేదు.

"కిటికీకి కమ్ములు వేయిస్తాలే," అన్నాడు గుంజల కోసం వీధిలోకి దిగుతూ.