ఈతలగొంది డోలీ కర్ర

నేను ఒక వెదురు కర్రను. పది అడుగుల పొడవు, మనిషి మణికట్టంత లావు. నాలో బోలు తక్కువ, కండ ఎక్కువ. ఇలాంటి దాన్ని మన్యంలో మగ వెదురు అంటారు. నన్ను కొట్టినవాడు కొర్రా బొంజుబాబు. పొద దగ్గర నిలబడి పదిహేను కర్రలను వేలితో తట్టి చూసి, మోత బాగుందని నన్ను ఎంచుకున్నాడు. అప్పుడు కాస్త గర్వపడ్డాను. ఏదో ఇంటికి వాసాన్ని అవుతాననుకున్నాను. వాసం బతుకు మర్యాదైన బతుకు. ఒకచోట పడుకుని, ఎండావానలను పైనున్న గడ్డికి అప్పగించి, కింద జరిగే సంసారాన్ని చూస్తూ కాలం వెళ్లబుచ్చవచ్చు.

పొయ్యి పైనున్న అటక మీద రెండు నెలలు పొగకు ఆరాను. ఆరాక బొంజుబాబు తల్లి సన్యాసమ్మ నన్ను దించి, పాత చీర ముక్కతో తుడిచి, కణుపుల దగ్గరి గరుకునంతా కత్తితో చెక్కింది.

"నున్నగా ఉండాలిరా. లేకపోతే మోసేవోళ్ళ బుజాలు కోసుకుపోతాయి," అంది కొడుకుతో.

నేను వాసాన్ని కానని అప్పుడు తెలిసింది. డోలీ కర్రను.

ఈతలగొంది కొండ మీది ఊరు. ఇరవై రెండు గడపలు. ఆస్పత్రి, సంత, తారు రోడ్డు అన్నీ పదకొండు కిలోమీటర్ల కింద ఉన్నాయి. మధ్యలో ఒక గెడ్డ. కొండవాగును అక్కడివాళ్ళు అలాగే అంటారు. ఊళ్ళో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ఒక దుప్పటిని రెండు కొసలా నాకు ముడివేసి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుంటారు. మరో ఇద్దరు పక్కన నడుస్తారు. భుజం మార్చుకునేటప్పుడు ఎవరూ మాట్లాడుకోరు. ముందున్నవాడు ఒక్కసారి దగ్గుతాడు, అంతే. మొదటి ఏడాది ఐదుగురిని మోశాను. ముగ్గురు నడిచి తిరిగి వచ్చారు. ఒకరు నా మీదే తిరిగి వచ్చారు. ఒకరు రాలేదు.

వస్తువులన్నీ పనికిరావాలని కోరుకుంటాయట. నాకు మాత్రం చూరు కింద ఊరికే వేలాడిన రోజులే మంచి రోజులు. అయినా నెమ్మది ఉండేది కాదు. ఎక్కడ ఎవరు మూలిగినా, దుప్పటి దులిపిన చప్పుడైనా నాకేనేమో అనిపించేది.

రెండో ఏడు ఒక పెద్ద ఆఫీసరు ఊరు చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. రోడ్డు లేని ఊళ్ళ పేర్లు రాసుకుంటారట. ఈతలగొందిలో ఒక ఆచారం ఉంది. చుట్టం వస్తుంటే దారి చెక్కుతారు. ముళ్ళు కొట్టి, రాళ్ళు తీసి, గుంతలు పూడుస్తారు. చుట్టం కాల్లో ముల్లు దిగితే ఊరంతటికీ తలవంపు. ఆఫీసరంటే మామూలు చుట్టం కాదు కాబట్టి ఊరి పెద్ద కిముడు లచ్చన్న ఇంటికొకరిని పిలిచాడు. పన్నెండు రోజులు చెక్కారు. గెడ్డలో దుంగలు పరిచి మీద మట్టి పోశారు. బండలు దొర్లించడానికి నన్ను కూడా తీసుకుపోయారు. జరిగిన తప్పులో నా పాలు కూడా ఉందని ఎందుకు దాచాలి?

జీపు ఊళ్ళోకి వచ్చింది. పిల్లలు దాని వెనక పరుగెత్తారు. ఆఫీసరు నాటుకోడి కూర, సామల అన్నం తిన్నాడు, మంచి ఊరని మెచ్చుకున్నాడు, చూసింది చూసినట్టు రాసుకున్నాడు: ఈతలగొందికి వాహనం వెళ్ళే దారి ఉంది. అబద్ధం కాదు. ఆయన వాహనంలోనే వచ్చాడు, వాహనంలోనే వెళ్ళాడు.

మొదటి వానకి దుంగలు, మట్టి, పన్నెండు రోజుల చెమట గెడ్డలో కొట్టుకుపోయాయి. కాగితం మీది దారి మాత్రం చెక్కుచెదరలేదు. రోడ్డు లేని ఊళ్ళ జాబితాలోంచి ఈతలగొంది పేరు తీసేశారు. వారానికొకసారి నడిచి కొండెక్కే నర్సును, దారి లేని ఇంకో ఊరికి మార్చారు. అంబులెన్సుకి ఫోను చేస్తే, "మీ ఊరికి రోడ్డుందిగా, వస్తున్నాం," అని కొండ కిందికి వచ్చి, పైకి చూసి, అక్కడే ఆగేవాళ్ళు. పాపం, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

ఆ శ్రావణంలో బొంజుబాబు భార్య చిలకమ్మకు నొప్పులు వచ్చాయి. తొలి చూలు. వానలో దుప్పటి నీళ్ళు తాగి, ఉన్న బరువు రెండింతలైంది. గెడ్డ పొంగి ఉంది. తగ్గేదాకా ఒడ్డునే ఆగారు. ఆగినచోటే బిడ్డ పుట్టింది. ఏడవలేదు. సన్యాసమ్మ ఆ బిడ్డను తన కొంగులో చాలాసేపు వెచ్చగా పట్టుకుని కూర్చుంది. తరువాత దుప్పటిని గెడ్డలో తనే ఉతికింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఆమెకు ఆ రోజు నుంచి ఒకచోట కుదురు లేకుండా పోయింది. సోమవారం సోమవారం కిందికి దిగి, అర్జీలు తీసుకునే ఆఫీసుకి వెళ్ళేది. తిరిగి వచ్చాక చూరు కింద కూర్చుని కోడలికి అక్కడి మాటలన్నీ చెప్పేది. నేను వినేవాణ్ణి. మొదటి నాలుగుసార్లు గుమస్తా ఒకటే మాట అన్నాడట.

"రోడ్డున్న ఊరికి మళ్ళీ రోడ్డెలా ఇస్తామమ్మా?"

"రోడ్డు నేదు బాబూ."

"ఉంది. ఇదిగో, ఇక్కడుంది."

"అయితే నన్ను దాని మీంచి ఇంటికి పంపు బాబూ," అందట ఐదోసారి. గుమస్తా నవ్వాపుకోలేకపోయాడు. ఆరోసారి కుర్చీ చూపించాడు. ఏడోసారి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రోడ్డు కావాలని రాయిస్తే ఆ కాగితం నడవదమ్మా. మళ్ళీ కొలిచి చూడమని రాయించు. అప్పుడు ఎవరో ఒకరు రాక తప్పదు." తన కలంతో తనే రాసి, ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. లోకం అంతా తలుపు వేసుకున్నట్టు కనిపిస్తున్నప్పుడు కూడా ఎవరో ఒకరు గడియ కొద్దిగా వదులు చేస్తారు.

మాఘమాసంలో కబురు వచ్చింది. దారి కొలవడానికి ఇంజనీరు వస్తున్నాడు. చిలకమ్మకు అప్పటికి మళ్ళీ ఐదో నెల. లచ్చన్న తన పశువుల పాక ముందు అందరినీ పోగుచేశాడు. పాక మా ఇంటికి ఎదురుగానే ఉంది.

"రేపట్నుంచి ఇంటికొకరు గునపం అట్టుకుని రండి," అన్నాడు.

"ఏల బావా?" అంది సన్యాసమ్మ.

"ఏలేటి? దారి సెక్కొద్దా?"

"సెక్కొద్దు."

లచ్చన్న తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "చుట్టం కాల్లో ముల్లు దిగితే సిగ్గు ఎవులికి?"

"మొన్న దారి సెక్కినప్పుడు దిగిన ముల్లు మా ఇంట్లో ఉంది బావా. ఇంకా రానేదు."

ముసలి పోలయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే ఈపాలి ముళ్ళు తెచ్చి పరుద్దామేటి?"

"అక్కర్నేదు మావా. ఉన్నవి సాలు."

నవ్వులతో జనం చెదిరిపోయారు. లచ్చన్న నవ్వలేదు. మర్నాడు ఒక్కడే పార భుజాన వేసుకుని దిగాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, రెండు మలుపులు చెక్కేసరికి కూలబడ్డాడట. సన్యాసమ్మ అంబలి పట్టుకుని వెళ్ళింది. ఆయన తాగేదాకా పక్కన కూర్చుని, తాగాక పార తన భుజాన వేసుకుని ఊరివైపు నడిచింది. ఆయన వెనకే వచ్చాడు. పార ఇవ్వమని అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

ఇంజనీరు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పొద్దున్నే లచ్చన్న, బొంజుబాబు ఎదురు వెళ్ళారు. ఎండ పైకి వచ్చేసరికి బొంజుబాబు ఒక్కడే రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, డోలీ కట్టాలి. ఆయన గెడ్డ కాడ కూలబడిపోనాడు. లావు మనిషి. ఊరి పెద్ద తీసుకురమ్మన్నాడు."

అతని చెయ్యి నా దాకా రాకముందే సన్యాసమ్మ నన్ను చూరు నుంచి దించింది. వాకిట్లో నేల మీద పెట్టి, నా మీద కూర్చుంది.

"అమ్మా, లెగు."

"లెగను."

"పెద్దమనిషే, నడవనేకపోతన్నాడు."

"కాసేపు కూకుంటే అతనే లెగుత్తాడు. రోగమా, నొప్పులా? ఒట్టి అలుపు."

"ఎనక్కి ఎళ్ళిపోతే?"

ఆ మాటకి ఆమె గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు, నా మీదే ఉంది కదా. ఆయన వెనక్కి వెళ్ళిపోతే మళ్ళీ ఏడు సోమవారాలు, మళ్ళీ కబురు కోసం నెలల ఎదురుచూపు. అప్పటికి కోడలికి నెలలు నిండిపోతాయి. ఆ మాట అన్నవాడికీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. చిలకమ్మ గడపలో నిలబడి ఉంది. అత్తని చూసింది, మొగుణ్ణి చూసింది. నెమ్మదిగా వచ్చి నా రెండో కొస మీద కూర్చుంది.

ఇంతమందిని మోశాను. మనుషులు నా మీద కూర్చుని నన్ను కదలనివ్వకపోవడం అదే మొదలు.

బొంజుబాబు ఇద్దరినీ చూసి, లోపలికి వెళ్ళి అంబలి ముంత, ఒక చేతికర్ర తీసుకుని మళ్ళీ పరుగెత్తాడు. ఆ తరువాతి గంటన్నర నేను పడిన ఆరాటం ఏ ప్రయాణంలోనూ పడలేదు. ఆయన వస్తాడా? అది కింద ఆయన జీపు వెళ్ళిపోతున్న చప్పుడా, గాలా? అత్తాకోడళ్ళు లేవలేదు. చిలకమ్మ ఒకసారి, "నీళ్ళు తెత్తానత్తా," అంది. "కూకో," అంది సన్యాసమ్మ.

ఆయన వచ్చాడు. ఒక చేత్తో బూట్లు, ఒక చేత్తో కర్ర, మొహం ఎర్రమన్ను రంగు. వాకిట్లో అరుగు మీద కూలబడ్డాడు. లచ్చన్న చేతులు జోడించి నిలబడ్డాడు.

"తప్పయిపోనాది బాబూ. మా ఆడోళ్ళకి మర్యాద తెలదు."

సన్యాసమ్మ అప్పుడు లేచింది. చెంబుతో ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోసింది. మెడలోని పిన్నీసు తీసి, ఆయన అరికాల్లోని ముల్లు పైకి లాగింది. రెండో కాలు కూడా వెతికి చూసింది. ఆయన సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకోబోతే, కదలొద్దని మెత్తగా ఒక దెబ్బ వేసింది.

"తెలీకేం, బాగానే తెలుసు," అన్నాడు ఇంజనీరు లచ్చన్నతో. తరువాత ఆమె వైపు తిరిగాడు. "డోలీ ఉందటగా. ఎందుకు పంపలేదమ్మా?"

"డోలీలో తొంగుంటే ఆకాశం కనపడతాది బాబూ. దారి కనపడదు."

ఆయన గడియారం చూసుకుని పుస్తకం తీశాడు. "రెండు గంటల యాభై నిమిషాలు," అని రాసుకున్నాడు.

"గెడ్డ కాడ కూకున్నది కలిపినారా?"

"అది కూడా కలపాలా?"

"కలపాలి బాబూ. మేవూ అక్కడ కూకున్నాం."

ఆయన తల ఎత్తాడు. నా కొస మీద ఇంకా కూర్చునే ఉన్న చిలకమ్మను చూశాడు, ఆమె పొట్టను చూశాడు. రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు.

తిరుగు ప్రయాణంలోనూ ఆయన నడిచే దిగాడు. నెల తిరగకుండా ఈతలగొంది పేరు జాబితాలోకి ఎక్కింది. ఎండాకాలం ఉపాధి పనుల్లో మట్టి రోడ్డు మొదలైంది. ఊరివాళ్ళే తవ్వారు. ఈసారి చుట్టానికి కాదు, తమకు. కింద నుంచి గెడ్డ దాకా రోడ్డు వచ్చింది. వంతెనకు వేరే మంజూరు కావాలట, వేరే సంతకాలు. ఆ ఇంజనీరును ఎక్కడికో బదిలీ చేశారు. గెడ్డకి ఇవతల మాది పాత దారే.

జ్యేష్ఠంలో చిలకమ్మకు నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నం. సన్నగా చినుకులు. నన్ను దించారు, దుప్పటి ముడివేశారు. నలుగురూ భుజాలు మార్చుకుంటూ నడిచారు. సన్యాసమ్మ పక్కనే, ఒక చెయ్యి దుప్పటి మీద వేసి. ఆ పాత చోటు వచ్చేసరికి ఆమె చెయ్యి బిగుసుకుంది. గెడ్డలో నీళ్ళు మోకాలి లోతు. అవతలి ఒడ్డున అంబులెన్సు, తలుపు తెరిచి ఉంది. డ్రైవరు ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి, ముందున్న పోలయ్య కొడుకును పక్కకు తప్పించి, నా కింద భుజం పెట్టాడు. చిలకమ్మను లోపలికి ఎక్కించారు. సన్యాసమ్మ ఎక్కింది, బొంజుబాబు ఎక్కాడు. తలుపు పడింది. బండి మలుపు తిరిగింది.

నేను ఒడ్డున ఉండిపోయాను. హడావుడిలో ఎవరికీ గుర్తులేదు.

అంతకు ముందు ఎవరిని మోసినా చివరి దాకా మోశాను. మంచైనా చెడైనా ఆస్పత్రి గుమ్మంలోనో, గెడ్డ ఒడ్డునో నాకు తెలిసేది. ఈసారి నా ప్రయాణం సగంలో ఆగింది, మిగిలింది చక్రాలు తీసుకున్నాయి. సంతోషించవలసిన సంగతే. కాని రాళ్ళ మధ్య, తడిసి, ఏమైందో తెలియక నాలుగు రోజులు పడి ఉండటం అంటే ఏమిటో కర్రలకే తెలుసు. దారిన పోయేవాళ్ళు నన్ను చూసి తప్పుకుని వెళ్ళేవాళ్ళు. ఒంటరిగా పడి ఉన్న డోలీ కర్రను అపశకునమని ఎవరూ ముట్టుకోరు.

ఐదో రోజు ఒక ఆటో వచ్చి ఆగింది. ముందు సన్యాసమ్మ దిగింది. నన్ను చూసింది, గెడ్డను చూసింది. నీళ్ళు కాస్త పెరిగాయి. రెండు పెద్ద బండలు దగ్గరగా ఉన్నచోట, కొడుకు చేత నన్ను అడ్డంగా పెట్టించి, రెండు కొసలా తీగతో గట్టిగా కట్టించింది. రెండుసార్లు ఊపి చూసింది.

"పట్టుకుని రా అమ్మా. అడుగు సూసుకుని."

చిలకమ్మ ఆటోలోంచి దిగింది. ఒక చేత్తో గుడ్డలో చుట్టిన దాన్ని పొదివి పట్టుకుంది. రెండో చెయ్యి నా మీద వేసింది. ఆమె బరువు నా మీద లేదు. తన కాళ్ళ మీదే నడుస్తోంది. చెయ్యి మాత్రం ఉంది, వెచ్చగా, ఒక్కో కణుపూ దాటుతూ. నడుమ నీళ్ళు చప్పుడు చేసేచోట గుడ్డలోంచి ఏడుపు వినిపించింది. ఆగకుండా, కోపంగా, గెడ్డ హోరుకన్నా పెద్దగా.

"ఏడవనీ," అంది సన్యాసమ్మ. "ఊరికి ఇనపడనీ."