పడవ మీద మూడక్షరాలు

శనివారం ఉదయం ఆరూ నలభైకి రాజారావు గరాజ్‌లోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాక్కొచ్చి, దాని చివర భార్య గిరిజ హెయిర్ డ్రయర్ తగిలించాడు. డ్రైవ్‌వేలో ట్రైలర్ మీద నీలం రంగు చేపల పడవ ఉంది. దాని వెనక భాగం వీధి వైపు తిరిగి ఉంటుంది. అక్కడ తెల్లటి వినైల్ అక్షరాలతో ‘రేపు రా’ అని ఉంది.

అమెరికాలో, బాతెల్‌లోని ఆ వీధిలో తెలుగు చదవగలిగినవి రెండే ఇళ్ళు. అయినా ఆ మాట అందరి మీదా పనిచేసేది. పార్సెల్ వ్యాను ఇంటి ముందు ఆగేది, నడిపే ఆవిడ పడవ వంక చూసేది, మళ్ళీ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయేది. మర్నాడూ అంతే. గిరిజ పార్సెళ్ళన్నీ పక్కింటి అడ్రసుకు తెప్పించుకునేది. వాన కూడా చుట్టుపక్కల పచ్చికలన్నీ తడిపి వీళ్ళది వదిలేసేది. డ్రైవ్‌వేలో పడవ పెట్టకూడదని చెప్పడానికి కాలనీ సంఘం మనిషి చాలాసార్లు బయల్దేరాడు, గుమ్మం దాకా రాకుండానే తిరిగి వెళ్ళాడు. ఫలానా వాళ్ళింట్లో కుక్క ఉంది అన్నట్టు, వీళ్ళింట్లో ఆ పడవ ఉంది అనుకునేవారు వీధిలో.

ఆ అక్షరాలు అంటించి ఐదేళ్ళు దాటింది. గిరిజ క్యాన్సర్‌కి పెద్దపేగు ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన వారం అది. చిన్నప్పుడు ఆమె ఉన్న వీధిలో తలుపుల మీద బొగ్గుతో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. తలుపు తట్టబోయిన దయ్యం అది చదువుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుంటుంది. ఆ సంగతి ఆమె నవ్వుతూ చెప్పింది, రాజారావు నవ్వకుండా విన్నాడు. ‘ఓ స్త్రీ’ మాత్రం వదిలేశాడు. ఆయన రాకూడదనుకున్నదానికి ఆ పిలుపు నప్పలేదు. మిగిలిన మూడక్షరాలూ కత్తిరించి ఇచ్చిన షాపు కంప్యూటర్‌కి తెలుగు సరిగ్గా రాక, ఏత్వం ఒక చోటా కొమ్ము ఒక చోటా వస్తే, ఆయనే సర్ది అంటించాడు. రోగం తిరిగి రాలేదు.

ఇప్పుడు ఇబ్బంది కూతురి వల్ల వచ్చింది. మొదటి పురుడు పుట్టింట్లోనే జరగాలని గిరిజ పట్టుబడితే, నైనిక ఏడో నెలలో ఇర్వింగ్ నుంచి భర్త రోహన్‌తో వచ్చింది. ఇంటి మనుషులకు పడవ అడ్డం చెప్పదు. కడుపులో ఉన్నవాడు ఇంకా ఇంటి మనిషి కాలేదు కాబోలు, డ్యూ డేట్ దాటి పది రోజులైనా రాలేదు. సాయంత్రం నొప్పులు మొదలయ్యేవి, బ్యాగు కార్లో పెట్టేలోపు పోయేవి. ఉమ్మనీరు తగ్గుతోందని డాక్టర్ చెప్పింది. నొప్పులు తెప్పించడానికి బెడ్ ఖాళీ కాగానే పిలుస్తామన్న ఆస్పత్రి వాళ్ళు రోజూ రేపు పిలుస్తామంటున్నారు. పడవను అక్కణ్ణుంచి తీయించేద్దామంటే, ట్రక్కున్న స్నేహితుడూ రేపు వస్తానంటున్నాడు. శుక్రవారం బిడ్డ కదలికలు తగ్గాయని వీళ్ళే పరిగెత్తారు. గుండె బాగానే కొట్టుకుంటోందని చెప్పి, రేపు రమ్మని పంపించేశారు.

ఇంటికొస్తూ కార్లో గిరిజ ఒక్క మాటే అంది. “పొద్దున్నే అవి పీకేయండి.”

రాజారావు ముందుగా ‘పు’ పట్టుకున్నాడు. దాని అంచు అప్పటికే కొద్దిగా లేచి ఉంది. వేడి గాలి తగిలిస్తూ, ప్లాస్టిక్ గరిటె అంచుతో మెల్లగా లేపుతున్నాడు.

“అక్షరాలు తీసేస్తే అన్నీ వస్తాయి గిరిజా. ఒకటి రమ్మని ఇంకోటి వద్దంటే కుదరదు.”

“డ్రయర్ ఇంకాస్త దగ్గరగా పెట్టండి,” అంది గిరిజ.

నైనిక మడత కుర్చీలో కూర్చుని సీసా చూపించింది. “నాన్నా, నెయిల్ పాలిష్ రిమూవర్ try చేయి. Fast గా వస్తుంది.”

“వద్దమ్మా, పడవ రంగు పోతుంది.”

“బోట్ ముఖ్యమా, నేను ముఖ్యమా?”

“నువ్వే తల్లీ. లేకపోతే ఈ చలిలో నాకెందుకీ పని?”

“మామయ్యగారూ, గట్టిగా ఒక్క లాగు లాగేస్తే?” అన్నాడు రోహన్.

“తెగి గమ్ము అక్కడే ఉండిపోతుంది. అల్లుళ్ళ సలహా ఇలాగే ఉంటుంది.”

‘పు’ కొమ్ముతో సహా ఊడి ఆయన చేతికి చుట్టుకుంది. నైనిక ఆదివారం బడిలో నేర్చుకున్న తెలుగుతో పడవ మీద మిగిలినదాన్ని కూడబలుక్కుంది.

“రే… రా. నాన్నా, ఆగు. అది ఎవర్నో పిలుస్తుంది.”

గిరిజ మూడు నెలలుగా కూతురి కడుపు మీద చెయ్యి వేసి, లోపలున్న మనవణ్ణి ‘రే’ అనే పలకరిస్తోంది.

“అమ్మో, అచ్చం అత్తయ్యగారి గొంతే,” అన్నాడు రోహన్.

నైనిక నవ్వబోయి కుర్చీ చేతులు పట్టుకుంది. రోహన్ బ్యాగు కార్లో పెట్టాడు. నొప్పి పోలేదు. సీటు బెల్టు పెట్టుకునేలోపు ఇంకొకటి వచ్చింది.

రాజారావు మిగిలిన రెండక్షరాల వంకా చూశాడు. రోగాన్ని ఎవరూ ‘రే’ అనరు. డ్రయర్ ఆపేశాడు. ఆయన ఏమనుకున్నాడో గిరిజకు తెలిసింది.

ఆ సాయంత్రమే పిల్లాడు పుట్టాడు. ఆస్పత్రి వరండా చివరిదాకా వినపడేలా ఏడ్చాడు. రాజారావు గోడకు ఆనుకుని, కాఫీ తాగుతానన్నాడు. ఉదయం నుంచి ఆయన ఏమీ తాగలేదు.

వాళ్ళు ఇంటికి తిరిగొచ్చిన రోజుల్లో పోస్ట్‌మాన్ గుమ్మం దాకా వచ్చాడు. పక్కింటి ఆరవ్ వచ్చాడు. ఎవరిదో మగపిల్లి వచ్చి మెట్ల మీద పడుకుంది. పార్సెల్ వ్యాను నడిపే ఆవిడ మాత్రం ఆగి, చూసి, వెళ్ళిపోయింది. వాన రాలేదు.

“ఇలా ఉంచేద్దాం,” అన్నాడు రాజారావు. “ఇబ్బందేముంది?”

“నా స్కాన్ సంగతేమిటి?”

ఏటా జరిగే స్కాన్‌లకు గిరిజ ముందే తేదీ వేయించుకుని వచ్చేది. ఐదో ఏటిదానికి మాత్రం ఫోన్ చేసి చెప్తామన్నారు. మార్చి నుంచీ ఆ ఫోన్ రాలేదు.

“రాకపోతే మంచిదేగా.”

“మీకు మంచిది,” అంది గిరిజ. “రోజూ రేపు అనుకుని మీరు నిద్రపోతారు. ఒళ్ళు నాదండీ. ఉందో లేదో నాకు తెలియాలి.”

డ్రయర్ ఆమే తీసుకుంది. ఆయన వైరు పట్టుకుని నిలబడ్డాడు. ‘రే’ ఊడింది, ‘రా’ ఊడింది. మిగిలిన గమ్ము మీద గిరిజ వంటింట్లోని కొబ్బరినూనె రాసి, నాననిచ్చి, పాత చీర ముక్కతో రుద్దింది. గమ్ము ఉండలు ఉండలుగా రాలిపోయింది. సబ్బునీళ్ళతో కడిగారు.

అక్షరాల కింద ఎండ తగలని రంగు చిక్కగా ఉండిపోయింది. నీలం మీద ముదురు నీలంగా ‘రేపు రా’ ఇంకా చదవొచ్చు. రాజారావు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. గిరిజ లోపలికి వెళ్ళింది. ఆమె టీ తెచ్చేసరికి ఆయన పాలిష్ డబ్బా తెరిచి, పడవ వెనక భాగమంతా ఒకే రంగు వచ్చేదాకా రుద్దుతున్నాడు.

మధ్యాహ్నం వాన వీళ్ళ పచ్చిక మీద కూడా కురిసింది. తడుస్తూనే సంఘం మనిషి వచ్చి పడవ తీసేయాలని చెప్పాడు. రాజారావు ఆయనకు గొడుగిచ్చి పంపాడు. సోమవారం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది.

గురువారం స్కాన్ తీశారు. ఆ తర్వాతి మంగళవారం డాక్టర్ ఫోన్ చేసినప్పుడు గిరిజ మనవడి ఒంటికి నూనె రాస్తోంది, ఫోన్ రాజారావు పట్టుకున్నాడు. ఎక్కడా ఏమీ లేదన్నారు. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని గిరిజ అడిగింది.

ఇక రానక్కర్లేదన్నారు.