తాలుమచ్చ

ఫాల్గుణమాసాంతమున గుంటూరు చెంతనున్న మిరపకల్లములలో కనుచూపుమేర పఱచిన పండుకాయలు ప్రచండభానుకిరణములకు ఎండుచు నేలయంతయు నిప్పు కప్పుకొన్నట్లు జ్వలించుచుండెను. ఆ రక్తవర్ణరాశుల నడుమ ముసుగు బిగించి కూర్చుండి రంగు తప్పి తెల్లబడిన తాలుకాయలను ఏఱివేయుటయే ముప్పదియేండ్లుగా నాంచారమ్మ వృత్తి. వేయికాయలలో పాలిపోయిన దొక్కటి యున్నను ఆమె కన్నుగప్పజాలదు. ఆ దినమున మాత్రము ఆమె పీట ఖాళీగా నుండెను.

ఏడాది క్రిందట ఆమె యక్క శేషమ్మ కడుపులో రాచపుండు పుట్టి మరణించెను. ఇటీవల నాంచారమ్మకును అన్నము సయింపక కడుపులో మంట బయలుదేరగా కూతురు ఝాన్సీ ఆ దినమున బలవంతముగా నగరమందలి వైద్యశాలకు తోడ్కొనివచ్చెను.

గొంతు మొద్దుబాఱుటకు మందు చల్లి యువవైద్యురాలు సన్నని గొట్టమును లోనికి దింపెను. దాని కొననున్న కెమెరా చూపిన కడుపు ఎదుటి తెరపై తడిసిన పండుమిరపరాశివలె మెఱసెను. మాటలాడజాలని నాంచారమ్మ చూచుచుండెను. ఒకమూల రవ్వంత తెలుపు. ఏఱివేయబోయినట్లు ఆమె వ్రేలు తనంత దానే కదలెను. వైద్యురాలును అచ్చటనే గొట్టమునాపి మీట నొక్కగా వెలుగు రంగు మాఱి అంతవఱకు మసకగా నున్న యా మచ్చ అంచులతో సహా వేఱుపడి కనబడెను. అందుండి చిన్నతునుక పరీక్షకై తీసికొనబడెను.

పిమ్మట ఆమెను తెరచాటున పరుండబెట్టి వైద్యురాలు ఝాన్సీతో మెల్లగా మాటలాడెను. మొద్దుబాఱినది గొంతుగాని చెవులు గావు.

"చూడ్డానికి ఇది క్యాన్సర్‌లా లేదమ్మా. వదిలేస్తే కావచ్చు. పది రోజుల్లో రిపోర్టు వస్తుంది. అవసరమైతే కడుపు కోయకుండా గొట్టంతోనే తీసేస్తాం."

"అమ్మకు చెప్పొద్దు మేడమ్. పెద్దమ్మ పోయినకాణ్ణించి సగమైపోయింది. బెంగతోనే పోద్ది."

"చెప్పకపోతే ఆమె మళ్ళీ ఆసుపత్రికి వస్తుందా?"

ఝాన్సీ కన్నులు తుడుచుకొని నవ్వు తెచ్చుకొని తల్లియొద్దకు వచ్చెను.

"గ్యాసేనంటమ్మా. కారం తగ్గించమన్నారు."

"కారమా? కల్లంలో గాలి పీల్చొద్దని కూడా చెప్పిందా మీ డాక్టరమ్మ?" అని నాంచారమ్మ బొంగురుగొంతుతో పలికెను. గ్యాసను మాట ఆమెకు క్రొత్తది గాదు. శేషమ్మ మంచము ప్రక్క కూర్చుండి అదే మాటను అట్టి నవ్వుతోనే తాను పలికియుండెను.

"గ్యాసని మీ పెద్దమ్మకు చెప్పింది నేనేనే ఝాన్సీ. నమ్మింది పిచ్చిది. మళ్ళా ఆసుపత్రి గడప తొక్కలా. అప్పుడు నిజం చెప్పుంటే ఇంకో నాలుగేళ్ళు బతికేదేమో, ఎవరికి తెలుసు? నా కడుపులో తాలుమచ్చ నా కళ్ళతో చూశా. తియ్యాలంటే తీయించుకుంటా. నువ్వు మాత్రం నాకు అబద్ధం చెప్పబాకు."

ఝాన్సీ తల్లి చేతిని పట్టుకొని వెక్కివెక్కి యేడ్చెను.

మఱునాడు నాంచారమ్మ యథాప్రకారము కల్లమున కూర్చుండెను. తెల్లకాయ యొకటి చేజిక్కగా ముప్పదియేండ్లలో ఎన్నడును సంకోచింపని యా చేయి నిలిచిపోయెను. ఆమె దానిని చెవియొద్ద నాడించెను. లోపలి గింజలు గలగలమనెను. అవి మంచివో కుళ్ళినవో పైతెలుపు చెప్పదు. రిపోర్టునకు ఇంకను తొమ్మిదిదినములుండెను.