అమ్మవి, అమ్మేవి

ఈ వయసులో నా నోట్లో ఉన్న పళ్ళన్నీ నావే. ఒక్కటి కదలదు, ఒక్కటి పుచ్చలేదు. చెరుకు గడ ఇస్తే పిప్పి చేసి ఊస్తాను. సోడా సీసా మూత పంటితోనే లాగేస్తాను. ఒకసారి గోడలో దిగబడిన మేకు ఎవరు లాగినా రాకపోతే నేను కొరికి లాగాను. మేకుతోపాటు పక్కింటి గోడ కూడా ఓ అంగుళం ఇటు జరిగింది. అనుమానముంటే వేలు పెట్టి చూడండి.

పళ్ళ సంగతి మళ్ళీ వస్తుంది. ముందు గది సంగతి చెప్పాలి.

మా చెల్లెలు బస్సు కండక్టరు. దాని కూతురు చిన్నప్పుడు బడికి సెలవొస్తే చాలు, తల్లి వెంట బస్సెక్కి గంట తాడు లాగుతూ కూర్చునేది. అందుకని దానికి టింగు అని నేనే పేరు పెట్టాను. దానికి పెళ్ళయి, కూతురు పుట్టి, ఆ కూతురికి పాలపళ్ళు ఊడుతున్నా నాకది ఇప్పటికీ టింగే.

చెల్లెలు చివర్లో టింగు ఇంట్లోనే, వెనక గదిలో మంచం పట్టింది. పోయిన ఏడు పోయింది. ఆ తలుపు మూశారు. మూసిన గది ఊరికే ఉంటుందా? కాలు విరిగిన కుర్చీ ఒకటి వచ్చి చేరింది. దాని వెనకే తిరగని ఫ్యాను, పాప ఎక్కని మూడు చక్రాల సైకిలు, ఎవరివో తెలియని చెప్పులు, అట్టపెట్టెలు, ఆ అట్టపెట్టెల్లో ఇంకా అట్టపెట్టెలు. గది ఎంత కిక్కిరిసిపోయిందంటే, గోడ మీద బల్లికి ఇటు తిరగడానికి చోటు లేక వెనక్కి నడిచేది. నా కళ్ళతో చూశాను.

అల్లుడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే అన్నం సహించని మనిషి. పాపం, ఏడాదిగా ఆ తలుపు ముందునుంచి తల తిప్పుకుని నడుస్తున్నాడు.

“మామయ్యగారూ, మీరైనా చెప్పండి,” అన్నాడు ఒకరోజు. “పాప ఇంకా మా ఇద్దరి మధ్యే పడుకుంటోంది. ఆ గది ఖాళీ చేసి, రంగు వేయించి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడదాం అంటే ఈవిడ రేపంటుంది. ఆ రేపు ఎప్పటికీ రాదు.”

టింగు కూర తరుగుతూ తల ఎత్తలేదు. “సరే. అన్నీ తీసెయ్యండి. నాకా ట్రంకుపెట్టె ఒక్కటి చాలు.”

ఆ పెట్టెలో ఏముందో నాకు తెలుసు. టిక్కెట్ల తోలు సంచి, ఈల, ఆఖరిసారి డ్యూటీకి వేసుకెళ్ళి విప్పేసిన ఖాకీ చొక్కా. ఒకసారి మంచినీళ్ళ కోసం వంటింటివైపు వెళుతుంటే, టింగు వెనక గదిలో ఆ పెట్టె మూత జానెడు ఎత్తి, ముఖం లోపలికి పెట్టి, ఒక్క ఊపిరి పీల్చి టక్కున మూసేయడం చూశాను.

“ఏం చేస్తున్నావే?”

ఉలిక్కిపడింది. “ఎక్కువసేపు తెరవకూడదు మామయ్యా. అయిపోతుంది.”

“ఏమిటి అయిపోయేది?”

“అమ్మ వాసన. ఆ చొక్కా ఉతకలేదు.”

నా దగ్గర ప్రతిదానికీ ఓ వెటకారం సిద్ధంగా ఉంటుంది. ఆ పూట మాత్రం నీళ్ళు తాగడానికి వచ్చినవాణ్ణి తాగకుండానే వెళ్ళిపోయాను.

ఒక ఆదివారం పని మొదలైంది. అల్లుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, యుద్ధానికి వెళ్ళినట్టు గదిలో దూరాడు. ఉంచేవి హాల్లోకి, పారేసేవి మెట్ల కిందికి, అమ్మేవి గుమ్మం దగ్గరికి. నేల కడగాలి కాబట్టి ట్రంకుపెట్టెను కూడా బయటికి ఈడ్చి, గుమ్మానికి ఓ పక్కగా పెట్టాడు.

టింగు రంగు డబ్బా కొనడానికి వెళుతూ నాకు కాపలా అప్పజెప్పింది. “మామయ్యా, ఆ పెట్టెలోవి అమ్మవి. ఎవరన్నా అడిగితే చెప్పు. ముట్టుకోనివ్వకు.”

“నేనుండగా దానిమీద ఈగ వాలదు. వాలినా టిక్కెట్టు తీసుకునే వాలుతుంది. పో.”

అది వెళ్ళింది. గదిలోంచి దుమ్ము మబ్బులా వస్తోంది. నాకు తుమ్ములు పట్టుకున్నాయి. నాలుగో తుమ్ముకి పళ్ళు ఎగిరి ఒళ్ళో పడ్డాయి. మళ్ళీ పెట్టుకుంటే మళ్ళీ తుమ్ము. ఇలా కాదని వాటిని స్టీలు గ్లాసులో వేసి కిటికీలో పెట్టాను.

ఏమిటలా చూస్తున్నారు? పళ్ళు నావే అన్నానా? నావే మరి. నా నోటికి కొలత తీసి, నాకోసం చేసిన కట్టుడు పళ్ళు నావి కాక ఎదురింటాయనవా? కదలవు, పుచ్చవు అన్నమాట కూడా నిజమే కదా. మేకు సంగతి అప్పటి పళ్ళతో.

ఇంతలో పాత సామాన్లు కొనే ఆయన బండితో వచ్చాడు. అల్లుడు చెప్పి పంపినవాడే. ఫ్యాను ఎత్తాడు, కుర్చీ ఎత్తాడు, పెట్టె దగ్గర ఆగాడు.

“పెద్దాయనా, ఈ పెట్టెలోవి ఏంటి?”

“అవి అమ్మవి.”

నేనన్నది అదే. బయటికి ఏమొచ్చిందన్నదే గొడవ. ‘వి’ అనాలంటే పైపళ్ళు కింది పెదవిని తాకాలి. నాకేమో అక్కడ ఖాళీ. ఆ ‘వి’ దొరికేదాకా ముందున్న ‘మ్మ’ సాగి సాగి ‘మ్మే’ అయింది.

“అమ్మేవా?”

“ఆఁ, అమ్మవే! చెవుడా నీకు?”

“అమ్మేవేగా? దానికి అంత అరుస్తావేంటి తాతా?”

“అరవక? ఇంకోసారి అడిగావంటే చూడు. అమ్మవి, అమ్మవి, అమ్మవి!”

“అర్థమైందిలే మహానుభావా,” అని దణ్ణం పెట్టాడు.

కాపలా అంటే ఇలా ఉండాలి అనుకుంటూ పళ్ళ కోసం లోపలికి వెళ్ళాను. కిటికీలో గ్లాసు లేదు. అల్లుడు చేతికి అందినదల్లా సర్దేస్తున్నాడు కదా! వంటింటి గిన్నెల మూటలో, జల్లెడ కింద దొరికింది గ్లాసు. పళ్ళు కడిగి పెట్టుకుని వచ్చేసరికి టింగు గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో రంగు డబ్బాతో. పెట్టె ఉన్నచోట నేల మీద తుప్పు గీత మాత్రం నలుచదరంగా ఉంది.

“పెట్టె ఏదీ?”

“ఇక్కడే... నేను చెప్పానే! అమ్మవి అని నొక్కి చెప్పాను!”

అల్లుడు ముక్కు గుడ్డ కిందికి లాగాడు. “మామయ్యగారూ, అప్పుడు మీ పళ్ళు?”

“గ్లాసులో.”

“ఒక్కసారి తీసి చెప్పండి, ఆ మాట.”

తీశాను. చెప్పాను. అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. టింగు డబ్బా కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

పాత సామాన్ల కొట్టు రెండు వీధుల అవతల. అక్కడి ఆవిడ మంచిదే. “పెట్టె ఉందమ్మా, తీసుకెళ్ళు. సంచీ, ఈలా అందులోనే ఉన్నాయి. గుడ్డలు మాత్రం గ్యారేజీవాళ్ళు ఇప్పుడే పట్టుకెళ్ళారు, చేతులు తుడుచుకోడానికి.”

గ్యారేజీలో ఒక లారీ కింద రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. “అన్నా, ఖాకీ చొక్కా!” అని టింగు అరిచిన అరుపుకి ఆ కాళ్ళు ముందు ఆగాయి. తరవాత లారీ కిందినుంచి ఒక చెయ్యి చొక్కాను బయటికి అందించింది. జేబు చిరిగింది. వీపంతా నల్లటి వేళ్ళ గుర్తులు. మడత విప్పగానే డీజిలు కంపు గుప్పుమంది.

టింగు అందులో ముఖం పెట్టింది. వెనకే పరుగెత్తుకొచ్చిన అల్లుడూ నేనూ పక్కన నిలబడ్డాం.

ముఖం ఎత్తింది. ముక్కు మీద నల్లటి మరక. “ఏడుస్తావేంటి మామయ్యా, పిచ్చివాడా? అమ్మ డ్యూటీనుంచి వచ్చేసరికి ఇదే కంపుగా! ముందు స్నానం చెయ్యవే తల్లీ అని నేనే తరిమేదాన్ని,” అని పకపకా నవ్వింది. లారీ కింది మనిషీ నవ్వాడు. ముగ్గురం పెట్టె మోసుకుంటూ ఇంటికొచ్చాం.

ఇప్పుడా గదికి లేత నీలం రంగు వేశారు. పాప అక్కడే పడుకుంటోంది. పెట్టె మంచం కింద ఉంది.

ఇది చెప్పినప్పుడల్లా జనం బల్లి దగ్గర నన్ను పట్టుకుంటారు. బల్లి వెనక్కి నడిచిన మాట నిజం. గోడ జరిగిన మాటా నిజమే, కావాలంటే పక్కింటివాళ్ళని అడగండి. నేను కల్పించింది ఒక్కటే. ఆ నవ్వు. అమ్మదీ ఇదే డీజిలు కంపన్న మాట కూడా టింగు అనలేదు, నేను అనిపించాను.

అది చొక్కాను ఒకసారి వాసన చూసింది. కాలరు తిప్పి ఇంకోసారి చూసింది. మడతపెట్టి చంకలో పెట్టుకుని “పదండి” అంది. ఇంటికొచ్చి, బక్కెట్లో సబ్బు పొడి వేసి, చొక్కా ముంచింది.

“ఉతికితే ఆ కాస్తా పోతుందేమోనే,” అన్నాను, పంపు పక్కన నిలబడి.

“పోయిందిగా మామయ్యా,” అంది.