గుమాస్తా గారి విశ్రాంతి పట్టిక

గుమాస్తా గారికి నలభై ఆరో ఏట చైనా యుద్ధవిద్య మీద మనసు పడింది. నవ్వకండి. ఏ వయసులో ఏ పిచ్చి పట్టుకుంటుందో ఎవరికి తెలుసు? ఆఫీసులో పై అరలోంచి ఫైళ్ల కట్ట దించబోతే నడుం పట్టేసింది. వంగినవారు వంగినట్టే ఇంటికొచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టారు. లేచాక ఒకటే పట్టుదల, ఒళ్లు ఇనుములా చేసుకోవాలని. వీధి చివర మేడమీద ఆ విద్య నేర్పే ముసలి మాస్టారి దగ్గర చేరిపోయారు.

మాస్టారిది ఒక పద్ధతి. కొత్తగా చేరినవాళ్లు నెల రోజుల సాధన కాగితం మీద రాసి ఇంట్లో గోడకి అంటించాలి. ఒంటిని ఎలా గట్టిపరచాలో ఒక గడి, ఆ ఒంటిని మళ్లీ ఎలా కోలుకోనివ్వాలో పక్కన ఇంకో గడి. మాస్టారు స్వయంగా ఇంటికొచ్చి చూస్తారు, అదీ రెండో గడే ముందు చదువుతారు. "దెబ్బలు ఎవడైనా కొడతాడు. కోలుకోవడం తెలిసినవాడే పదేళ్లు నిలుస్తాడు" అంటారు.

రాతకోతలంటే గుమాస్తా గారికి ఒకరు చెప్పాలా! స్కేలు పెట్టి, రెండు రంగుల సిరాతో, ఆఫీసు రిజిస్టరు సిగ్గుపడేలా పట్టిక గీశారు. సోమవారం గుర్రమెక్కినట్టు మోకాళ్లు వంచి పావుగంట నిలబడటం, తర్వాత కాళ్లకి వేడినీళ్ల కాపడం. మంగళవారం ముంజేతులు కర్రదిమ్మకేసి తట్టడం, తర్వాత మూలికల తైలంతో అరగంట మర్దన. బుధవారం పూర్తి విశ్రాంతి, భోజనం మంచం దగ్గరికే. గురువారం పెసలు నింపిన సంచీని అరచేత్తో రెండువందల దెబ్బలు, మళ్లీ మర్దన.

"తినే పెసల్ని కొడతావేంట్రా? అవి నిన్నేం చేశాయి?" అంది వాళ్లమ్మ.

"అమ్మా, ఇది విద్య. నీకు తెలీదు."

"సర్లే, నీ విద్య అయ్యాక ఉడకేసుకోవచ్చా?"

ఇక ఆయన భార్య సంగతి. ఇంటి ముందు గదిలోనే ఆవిడ ఇస్త్రీ దుకాణం. పొద్దుట మొదలెడితే సాయంత్రం దాకా బరువైన ఇస్త్రీ పెట్టె తోస్తూనే ఉంటుంది. రెండు నెలలుగా కుడి మణికట్టు వాచిపోయి ఉంది. "మూడు వారాలు ఆ చెయ్యి కదపొద్దు. కదిపితే కోత తప్పదు, ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె పట్టగలవని నేను మాటివ్వలేను" అన్నాడు డాక్టరు. ఆవిడ ఇంటికొచ్చి ఆ మాటే భర్తతో చెప్పింది.

"అలాగే, అలాగే. ఈ గీత పూర్తవనీ" అన్నారాయన.

అంతే, ఆ ముక్క అక్కడితో ఆగిపోయింది. ఎందుకు ఆగదండీ? మనింట్లో మగవాడు తుమ్మితే కషాయం పొయ్యి మీదికెక్కుతుంది. ఆడది చెయ్యి నొప్పంటే "రెండో చెయ్యి ఉందిగా" అన్నట్టు చూస్తాం. నాకు ఒళ్లు మండుతోంది కాబట్టే ఈ కథ రాస్తున్నాను.

వారం గడిచింది. సాధన మాటెలా ఉన్నా, కోలుకోవడంలో గుమాస్తా గారిని మించినవారు లేరు. ఆదివారం పొద్దున్నే మాస్టారు వచ్చి, కళ్లజోడు సర్దుకుని, రెండో గడి చదివారు.

"భేష్! ఇంత బాగా ఎవరూ రాయలేదు. ఈ వేడినీళ్లు ఎవరు కాస్తారు?"

"మా ఆవిడండీ."

"తైలం ఎవరు రాస్తారు?"

"ఆవిడేనండీ. చెయ్యి మహా గట్టిది లెండి" అన్నారు గుమాస్తా గారు గర్వంగా.

"మంచం దగ్గరికి భోజనం?"

"ఇంకెవరు బాబూ? నేనైతే కంచం విసిరేద్దును" అంది తల్లి.

అంతలో ఆవిడ ఎడంచేత్తో టీ పట్టుకొచ్చింది. మాస్టారు కప్పు పక్కన పెట్టి, "ఆ రెండో చెయ్యి చూపించమ్మా" అన్నారు. వాపు మీద బొటనవేలు ఆనించగానే ఆవిడ పళ్లు బిగబట్టింది.

"ఎన్నేళ్లుగా చేస్తున్నావమ్మా ఈ పని?"

"పద్దెనిమిదేళ్లండీ."

"మధ్యలో విశ్రాంతి?"

ఆవిడకి నవ్వొచ్చింది. "ఒకసారి జ్వరమొచ్చి రెండు రోజులు పడుకున్నానండీ" అని, డాక్టరు మాట కూడా చెప్పింది.

"నాకు చెప్పలేదే!" అన్నారు గుమాస్తా గారు.

"చెప్పిందిరా. నువ్వు గీతలు గీస్తున్నావు" అంది తల్లి.

మాస్టారు లేచారు. "గుమాస్తా గారూ, మూడు వారాలు మేడ ఎక్కకండి. మీ సాధన ఇక్కడే. ఆ ఇస్త్రీ పెట్టె, ఆ అంట్లు, ఆ నీళ్ల బిందెలు, అన్నీ మీవే."

"మరి ఆఫీసండీ?"

"మీ నడుం పట్టేసినప్పుడు ఏం చేశారు? సెలవు పెట్టండి."

మొదటి రోజు మధ్యాహ్నానికి ముప్పై చొక్కాలు అయ్యాయి, అందులో ఒకటి కాలింది కూడా. సాయంత్రానికి గుమాస్తా గారి మోకాళ్లు ఎవరూ చెప్పకుండానే వంగిపోయాయి. కుర్చీలో కూలబడ్డారు. ఆవిడ అలవాటు కొద్దీ లేచి, వాచిన చేత్తోనే తైలం సీసా అందుకుంది.

"ఆగు! వారం రోజులూ ఈ చేత్తోనే నాకు మర్దన చేశావా?"

"పట్టికలో రాశారు కదండీ" అంది ఆవిడ.

గుమాస్తా గారు సిగ్గుతో చచ్చిపోయారు. భార్యని కూర్చోబెట్టి, గిన్నె ఎక్కడుందో తెలీక వంటగదంతా వెతికి, నీళ్లు కాచి, సగం తన కాళ్ల మీదే ఒలకబోసుకుని, మిగిలిన సగంతో ఆవిడ మణికట్టుకి కాపడం పెట్టారు. ఆ మూడు వారాలూ ఆవిడని ఇస్త్రీ పెట్టె ముట్టుకోనివ్వలేదు.

మూడు వారాల తర్వాత డాక్టరు వాపు చూసి, కోత అక్కర్లేదన్నాడు. ఆ సాయంత్రం గుమాస్తా గారు మేడ ఎక్కారు. "కొత్త పట్టిక ఏదండీ?" అని తోటి శిష్యులు అడిగారు. ఆయన మాస్టారి వైపు తిరిగి, అందరికీ వినబడేలా చెప్పారు:

"ఆవిడకి రావాల్సిన విశ్రాంతి కూడా నేనే వాడేసుకున్నానండీ మాస్టారూ. ఇంట్లో ఒక మనిషికి ఒక్క పూటైనా తీరిక లేదంటే, మిగతావాళ్లం దాన్ని దొంగిలించామనే అర్థం."