పెడబొబ్బ గొంతు తగ్గించింది

మా బ్యాండు పేరు పెడబొబ్బ. ఆ పేరు పెట్టింది మా బావ. వినగానే జనం పారిపోవాలి, పారిపోయినవాళ్లు మళ్లీ తొంగి చూడాలి, అదీ పంక్ అంటే అన్నాడు. మేం పంక్ బ్యాండు పెడుతున్నామని చెప్పినప్పుడు మా అక్క, "పోనీలే, ఎండాకాలం నాలుగు పంకాలు బాగుచేసినా పుణ్యమే" అంది. మొదటి కచేరీ విన్నాక, పంకాలే నయమంది.

నాది పరుపుల కొట్టు. కొట్లో బాసుని, బ్యాండులో బేసుని. పరుపుల వ్యాపారం నేను చూసుకుంటాను, పరువు వ్యవహారం మా అక్క చూసుకుంటుంది. మైకు ముందు అరిచేది బావ. ఆయన కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలం పాడతాడు. పొద్దున్నే టమాటా పెట్టెల మీదికెక్కితే మధ్యాహ్నానికి గానీ దిగడు. డ్రమ్ములు వాయించేవాణ్ణి మేం బ్రేకు అంటాం. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. పగలంతా పక్క సీట్లో కూర్చుని ఒకళ్ల తప్పులకు తను బ్రేకు తొక్కీ తొక్కీ వస్తాడు కాబట్టి, సాయంత్రం డ్రమ్ము ముందు కూర్చున్నాక ఆ కాలు ఎవరి మాటా వినదు. గిటారు మా మేనకోడలిది, అంటే బావ కూతురు. కళ్లద్దాల షాపులో ఉద్యోగం. పగలు జనానికి కళ్లు బాగుచేస్తుంది, సాయంత్రం మాతో కలిసి చెవులు పాడుచేస్తుంది.

ప్రాక్టీసు మా కొట్టు వెనక గోడౌన్లో. నాలుగు గోడలకూ నిలబెట్టిన పరుపులు, పైన అటక నిండా దిళ్లు. లోపల కొంపలు మునిగినా బయటికి కిక్కురుమనదు. పక్క జిరాక్సు షాపతను మేం రోజూ అందులో దూరి కునుకు తీస్తున్నామనే అనుకునేవాడు.

అలా హాయిగా అరుచుకుంటూ ఉండగా, ఒకరోజు కొత్తగా కట్టిన హాస్టల్ వాళ్లు వచ్చి, ఉన్న పరుపులన్నీ ఒక్కసారే పట్టుకుపోయారు. లారీ వెనక తలుపు వేస్తుంటే నా అంత సంతోషం ఎవరికీ లేదు. ఆ సాయంత్రం గోడౌన్లోకి అడుగుపెడితే గోడలు బోసినోటితో నవ్వుతున్నాయి.

బ్రేకు ఒక్క దెబ్బ వేశాడు. అది నేరుగా వెళ్లి ఎదుటి గోడకు గుద్దుకుని, తిరిగొచ్చి మమ్మల్ని నలుగురినీ చెంప మీద కొట్టింది. జిరాక్సు అతను పరుగున వచ్చాడు.

"అన్నా, గోడ కూలిందా?"

"లేదు తమ్ముడూ. ప్రాక్టీసు."

"ఇవాళే మొదలెట్టారా?"

"పదేళ్లు దాటింది."

అతను మా వంక అదోలా చూసి, ఇన్నాళ్లూ తెలియకుండా బతికిపోయినందుకు ఎవరికి దండం పెట్టాలో తోచక వెళ్లిపోయాడు.

చేసేదేం లేక సౌండు బాగా తగ్గించి వాయించాం. అప్పుడు తెలిసింది, అంతవరకూ పరుపులు మా పరువును ఎంత భద్రంగా కాపాడాయో. ఒకరి వాయింపు ఒకరికి వినపడటం అదే మొదలు. నేను పాట ముగించేస్తే బ్రేకు ఇంకా మధ్యలో ఉన్నాడు. బ్రేకు ఆపేసరికి బావ వేరే పాటలో ఉన్నాడు.

"ఇది నీకు ముందే తెలుసా?" అని కోడలిని అడిగాను.

"తెలుసు మామయ్యా."

"మరి చెప్పవేం?"

"చెప్పాను. మీకు వినపడలేదు."

అందరం నోరు మూసుకున్నాం. పెడబొబ్బ చరిత్రలోనే అదొక వింత. ఆ సందు చూసుకుని కోడలు తను సొంతంగా కట్టిన పాట వాయించడం మొదలుపెట్టింది. శ్రుతి మించడం తప్ప రాగాన పడటం ఎరగని బ్యాండు మాది. ఈ పాట మాత్రం తొందర లేకుండా, తెలిసిన వీధిలో నడిచినట్టు నడిచింది. బ్రేకు కర్రలు పక్కన పెట్టి డ్రమ్మును అరచేతులతో తట్టాడు. నేను వెనక వెనకే వెళ్లాను. ఖాళీ గోడలు మా పాటను తిప్పికొట్టకుండా కాసేపు దగ్గర పెట్టుకుని, మెల్లగా వెనక్కి ఇచ్చాయి.

బావ కన్నార్పకుండా కూతురి వేళ్లనే చూస్తున్నాడు. "మాటలున్నాయామ్మా దీనికి?"

"ఉన్నాయి నాన్నా. నువ్వే పాడాలి."

కాగితం తీసుకుని నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం అరుపే వచ్చింది. అది గోడకు తగిలి తిరిగొచ్చేసరికి తనే ఉలిక్కిపడ్డాడు. రెండోసారి గొంతు అదిమి పట్టాడు. చిన్న జామెట్రీ బాక్సులో పొడుగు స్కేలు ఇరికించినట్టు అయింది. మూడోసారి పాడితే అది వేలంపాటై, పాటలోంచి టమాటాలు దొర్లాయి. ఎవరం నవ్వలేదు. మాలో ఎవరైనా తప్పు చేస్తే మిగతావాళ్లం పొట్ట పట్టుకుని నవ్వడమే మా మర్యాద. నవ్వకపోవడంతో ఆయనకు విషయం అర్థమైపోయింది.

"నువ్వే పాడుకో తల్లీ," అని కాగితం మడిచి కూతురి చేతిలో పెట్టాడు. "నా గొంతు కూరగాయలకే సరి."

మర్నాడు బావ ప్రాక్టీసుకి రాలేదు. ఆదివారం సాయంత్రం ఫ్యాక్టరీ క్లబ్బు హాల్లో మా కచేరీ. నేనే మార్కెట్‌కి వెళ్లి పట్టుకున్నాను. పెట్టెల మీద కూర్చుని గోరువెచ్చని నీళ్లు తాగుతున్నాడు.

"నేను తప్పుకుంటాలేరా బామ్మర్దీ. పాపకి మంచి గొంతున్న కుర్రాణ్ణి చూడు."

"సంబంధం చూడమన్నట్టు మాట్లాడకు బావా."

"నవ్వులాట కాదు. అది పాకే వయసులో నేను పొద్దున్నే మార్కెట్లో ఉండేవాణ్ణి. స్కూలుకెళ్లే వయసులోనూ మార్కెట్లోనే. దానితో కలిసి నేను చేసే పని ఈ బ్యాండొక్కటే. అదెంత బాగా కట్టింది పాట! నేను మధ్యలో నిలబడి దాన్ని పాడుచేస్తే ఇక మా ఇద్దరికీ ఏం మిగులుతుంది?"

ఆ గొంతు అంత చిన్నగా వినడం నాకు కొత్త. రెండు టమాటాలు కొనుక్కుని వచ్చేశాను.

విషయం చెబితే కోడలు ఏడుస్తుందేమో అనుకున్నాను. అది తీరిగ్గా ఒక కళ్లజోడు స్క్రూ బిగిస్తూ, "రేపు ప్రాక్టీసు సాయంత్రం వద్దు మామయ్యా. మధ్యాహ్నం పెట్టుకుందాం. నాన్న పెట్టెల మీద నుంచి దిగగానే పట్టుకురా" అంది.

"అప్పటికి ఆయన గొంతేం మిగులుతుందే? సాయంత్రం పెట్టుకునేదే అది కోలుకోవడానికి కదా?"

"ఆ మిగిలిందే నాకు కావాలి." స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. "మీరందరూ విన్నది మైకు ముందు గొంతు. నేను చిన్నప్పుడు విన్నది ఇంటికొచ్చిన గొంతు. అరిచి అరిచి వచ్చేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, స్కూల్లో ఏం జరిగిందో అడిగేవాడు. గాలి ఎక్కువ, మాట తక్కువ. వినాలంటే చెవి ఆయన భుజానికి ఆనించాలి. ఈ పాట ఆ గొంతుకే కట్టాను మామయ్యా. కోలుకున్న గొంతుతో పాడమంటే ఎలా వస్తుంది?"

మర్నాడు బావను చేయి పట్టుకుని లాక్కొచ్చాను. చొక్కా మీద ఉల్లిపొట్టు, మెడ నిండా చెమట. వద్దని గట్టిగా అరవబోయాడు గానీ, అరవడానికి గొంతులో సరుకు లేదు. కోడలు గిటారు అందుకుంది. ఆయన గతిలేక పాడాడు.

*బేరాలన్నీ అయిపోయాయి, ఇక ఇంటికి రా.*

అంచులు అరిగిపోయి, మధ్యలో మెత్తగా, అక్కడక్కడ ఊపిరి మాత్రమే మిగిలి వచ్చింది ఆ గొంతు. నా వేళ్లు తీగల మీద ఒక్క క్షణం దారి తప్పాయి.

"అన్నా," అన్నాడు బ్రేకు. "ఇన్నాళ్లూ ఈ గొంతుని ఎక్కడ దాచావు?"

"ఇంట్లో," అంది కోడలు.

బావ ముఖం తుడుచుకునే నెపంతో తుండు చాలాసేపు కళ్ల మీదే ఉంచుకున్నాడు.

అంతా బాగానే ఉంది గానీ, కచేరీ నాడు ఇంకో చిక్కొచ్చింది. ఆదివారం మార్కెట్‌కి సెలవు. బావ కంటినిండా నిద్రపోయి, గొంతు గంటలా మోగించుకుంటూ లేచాడు. పాడబోతే మళ్లీ టమాటాలే. "గొంతు బాగుపడి కొంప ముంచిందిరా!" అని మొత్తుకున్నాడు. ఆ మొత్తుకోవడం కూడా ఖంగుమంది.

ఆ గొంతుని మళ్లీ అరగదీసే ఉపాయం బ్రేకుకి తళుక్కున తట్టింది. డ్రైవింగ్ స్కూలు కారు తెచ్చి, మమ్మల్ని ఎక్కించి, అద్దాలన్నీ బిగించాడు. ఊరి చుట్టూ తిప్పుతూ ఉంటే బావ కనిపించినవన్నీ వేలం వేయడం మొదలుపెట్టాడు. ముందు స్టీరింగు. తర్వాత ట్రాఫిక్ సిగ్నలు, రంగుకో రేటు. తర్వాత నేను.

"ఒక్కగానొక్క బామ్మర్ది! పరుపుతో సహా! పాడేవాళ్లు పాడండి!"

"పరుపొక్కటే అయితే పాడతానన్నా," అన్నాడు బ్రేకు.

"విడిగా ఇవ్వబడదు!"

వెనక సీట్లో గిటారు ఒళ్లో పెట్టుకున్న కోడలు ఉండి ఉండి, "ఏదీ నాన్నా, ఇప్పుడు 'పాపా' అను" అనేది.

"పాపా!" కారు అదిరింది.

"ఊహూ. ఇంకొంచెం అమ్ము."

కొంత ఊరు అమ్ముడుపోయాక మళ్లీ అడిగింది. ఈసారి ఆయన అన్నాడో లేదో నాకు వినపడలేదు. కోడలు ముందు సీటు మీదికి వంగి, ఆయన భుజం మీద చెవి పెట్టింది.

"చాలు బాబాయ్. హాలుకి పోనీ."

క్లబ్బు హాలు నిండింది. మా జనం ఎప్పుడూ వెనక గోడకు ఆనుకునే నిలబడతారు. మా సౌండుకి ముందు వరుస ఖాళీగా ఉండటం ఆనవాయితీ. కోడలు వాయించడం మొదలుపెట్టగానే జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. బావ మొదటి మాట పాడాడు.

"అన్నా! వినపడట్లేదు!" వెనక నుంచి గొలుసుల జాకెట్టు వేసుకున్న కుర్రాడొకడు అరిచాడు. "పెడబొబ్బ ఎక్కడికి పోయింది?"

బావ బిగుసుకుపోయాడు. సౌండు పెంచే బటన్ ఆయన కాలి దగ్గరే ఉంది. ఆయన బటన్ను చూశాడు, కూతురిని చూశాడు. అది పాట ముందుకు పోనీకుండా, గిటారు మీద అదే ముక్క తిప్పి తిప్పి వాయిస్తూ ఆయన కోసం ఆగింది.

బావ మైకు దగ్గరికి వంగాడు. "వినపడాలంటే ఇలా ముందుకి రా తమ్ముడూ."

గొలుసుల జాకెట్టు గలగలలాడకుండా గొలుసులు చేత్తో పట్టుకుని నడిచొచ్చి, స్టేజీ ముందు నేల మీద కూర్చుంది. వెనకాలే ఇద్దరు. ఆ తర్వాత గోడే ఖాళీ అయింది.

రెండో చరణంలో బావ మాట మరిచిపోయాడు. కూతురు పెదవి కదిపి అందించింది. అందుకున్నాడు. పాట అయిపోయింది. చప్పట్లు కొట్టాలో వద్దో తేల్చుకోలేక హాలంతా అలాగే ఉండిపోయింది.

"ఇంకోసారి అన్నా," అన్నాడు గొలుసుల జాకెట్టు వాడు, పక్క గదిలో చంటిపిల్ల నిద్రపోతున్నట్టు, గుసగుసగా.