పెడల్ వెనక రబ్బరు

పాత మోటారు సైకిళ్ళు కొని, బాగుచేసి అమ్మే ఆ మనిషిని వీధిలో అందరూ పాతబళ్ళాయన అనేవారు. సరుకు కన్నా ముందు కొనేవాణ్ణి అంచనా కట్టడం ఆయన విద్య. షాపులో అడుగుపెట్టినవాడు ట్యాంకు నిగనిగ చూసి మురిసిపోయే రకమా, మోకాళ్ళ మీద కూర్చుని ఇంజను కిందకి తొంగిచూసే రకమా అన్నది ఒక్క చూపులో పసిగట్టేవాడు. తొంగిచూసేవాడి బండికి అసలు సామాను పడేది. మిగతావాళ్ళకి సర్దుబాటు. అందులో మోసం ఉందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కరువుగా దొరికే సామానుని అడిగేవాళ్ళ కోసం దాచిపెట్టడం వ్యాపారం, అంతే.

ఆ లెక్కలోనే వియ్యంకుడి బండికి రబ్బరు పడింది.

వియ్యంకుడు టైలరు. జీవితమంతా కుట్టుమిషను తొక్కి, ఈమధ్యే షాపు కొడుక్కి అప్పగించాడు. కుర్రతనంలో తను నడిపిన మోడలు బండి మళ్ళీ ఒకటి దొరికితే బాగుండునని భోజనాల దగ్గర ఒకసారి నోరు జారాడు. ఆయన కోడలు, అంటే పాతబళ్ళాయన కూతురు, మా నాన్న చేతిలో పడ్డ బండిని కళ్ళు మూసుకుని తీసుకోవచ్చని అత్తగారి ముందు అక్కడికక్కడే పూచీ పడింది.

పాతబళ్ళాయన బండి వెతికి తెచ్చాడు. ఇంజను విప్పి బిగించాడు, రంగు వేయించాడు. అన్నీ కుదిరాయి. వెనక బ్రేకు తొక్కి వదిలాక పెడల్‌ని మళ్ళీ పైకి లాగే స్ప్రింగు ఒక్కటే లేదు. సరిగ్గా సరిపోయే స్ప్రింగు షాపులో ఒక్కటే ఉంది. అదే మోడలు బండి ఇంకొకటి పక్కనే ఉంది. దాన్ని తీసుకోబోయే కాంట్రాక్టరు టార్చిలైటు వెంటబెట్టుకు తిరిగే మనిషి. స్ప్రింగు ఆ బండికి వెళ్ళింది. వియ్యంకుడి పెడల్‌కి పాత ట్యూబులోంచి కోసిన పట్టీ, ఫుట్‌రెస్ట్ వెనక కనబడకుండా ముడిపడింది. కొత్త స్ప్రింగు వచ్చాక మార్చేద్దామనుకున్నాడు. బావగారు ఎలాగూ వంగి చూడడు. చూస్తే అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడే మనిషి.

అనుకున్నట్టే ఆయన చూడలేదు. కోడలిని వెంటబెట్టుకుని వచ్చి, బండి చుట్టూ తిరిగి, కొత్త గుడ్డ నాణ్యం చూసినట్టు సీటుని వేళ్ళతో రాసి, తెగ సంబరపడ్డాడు. కోడలిని వెనక ఎక్కించుకుని ఒక చుట్టు తిరిగొస్తానని బయల్దేరాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండిని తోసుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వెనక చక్రం డ్రమ్ములోంచి మాడు వాసన షాపంతా కమ్మేసింది. పాతబళ్ళాయనకి వంగి చూడాల్సిన పని లేకపోయింది. సైలెన్సర్ వేడికి రబ్బరు తెగింది, పెడల్ కిందకి జారింది, దాని బరువుకి బ్రేకు పట్టేసింది.

టైలరు మాత్రం తప్పంతా తన కాలి మీద వేసుకున్నాడు. కూలబడి మంచినీళ్ళు తాగి, మిషను తొక్కి తొక్కి తన కాలు పెడల్ కనబడితే ఊరుకోదనీ, తెలియకుండానే దారంతా బ్రేకు మీద ఆనించి ఉంటాననీ చెప్పుకొచ్చాడు. బండెందుకు, కుట్టుమిషనుకే చక్రాలు పెట్టించుకోమని ఇంట్లో ఆవిడ ముందే అందట. ఇప్పుడు ఆవిడే గెలిచిందని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఒక్క మాట అంటే సరిపోయేది. పాతబళ్ళాయన ఆ మాట అనలేదు. పైపెచ్చు, బేరంలో అలవాటైన మెత్తదనంతో, "అలవాటు అంత తొందరగా పోతుందా బావగారూ" అన్నాడు.

"ఇంకెవరికైనా ఇచ్చేయండి దీన్ని" అన్నాడు టైలరు తల దించుకుని. "మలుపులో చక్రం పట్టేసి అమ్మాయి పడిపోయి ఉంటే, నా మొహం మీకెలా చూపించేవాణ్ణి?"

నిజానికి ఆ మాట పాతబళ్ళాయన అనాల్సింది.

కూతురు తండ్రి పక్కకి వచ్చి పిడికిలి విప్పింది. కమిలిపోయిన రబ్బరు ముక్క. చిన్నప్పుడు ఇదే షాపులో కూర్చుని తండ్రికి ఇలాంటి పట్టీలు కత్తిరించి ఇచ్చింది ఆ పిల్లే.

"నేను చెప్పను నాన్నా" అంది గొంతు తగ్గించి. "చెబితే ఆ ఇంట్లో ఇంక నా మాట ఎవరు నమ్ముతారు?"

పాతబళ్ళాయన బుర్ర తన ప్రమేయం లేకుండానే లెక్క వేసేసింది. ఊరుకుంటే షాపు పేరు నిలుస్తుంది, కూతురి పూచీ నిలుస్తుంది, బండి ఇంకొకరికి పోతుంది. అవతల పోయేదల్లా ఒక మనిషికి తన కాలి మీద నమ్మకం. ఎటు చూసినా లాభమే. అంత లాభం కళ్ళ ముందుండగా ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. కన్నబిడ్డ తనకి అబద్ధం అరువిస్తోంది.

రబ్బరు ముక్కని తీసుకెళ్ళి వియ్యంకుడి చేతిలో పెట్టాడు.

"మీ కాలు తప్పేం లేదు బావగారూ. అక్కడ స్ప్రింగు ఉండాలి. నేను దీన్ని కట్టాను. అమ్మాయికి తెలియదు."

టైలరు ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

పాతబళ్ళాయన కాంట్రాక్టరు బండి దగ్గర కూర్చుని ఫుట్‌రెస్ట్ సడలించి స్ప్రింగు ఊడదీశాడు. తెచ్చి ఒక కొక్కేన్ని పెడల్ చిల్లులో దూర్చాడు. రెండోది ఫ్రేము మీది మేకుకి తగిలించాలి. ప్లయరుతో పట్టి లాగితే జారింది, మళ్ళీ లాగితే వేలు చీరుకుంది. కళ్ళు మూసుకుని చేసే పని, ఇవాళ కుదరడం లేదు. టైలరు లేచి వచ్చి, జేబులోంచి గట్టి దారం తీసి మడతలు వేసి, కొక్కేనికి తగిలించి తనవైపు లాగి పట్టుకున్నాడు. కొక్కెం మేకు మీద పడింది. పెడల్ నొక్కి వదిలితే టక్కున పైకి లేచింది.

టైలరు దారం చుట్టుకుంటూ అడిగాడు. "ఆ బండి ఎవరిది?"

"ఒక కాంట్రాక్టరుది."

"ఆయన మీకు చుట్టమా?"

"కాదు."

"మరి ఆయనకెందుకు అసలుది పెట్టారు?"

పాతబళ్ళాయనకి ముఖం చెల్లలేదు. చేతికి అంటిన గ్రీజు తుడుచుకుంటూ, "ఆయన వంగి చూస్తాడు" అన్నాడు.

టైలరు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. నొప్పుల మోకాలిని చేత్తో అదిమిపట్టి, మెల్లగా నేల మీద కూర్చున్నాడు. ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క నట్టునీ వేలితో తడుతూ, ఇది అసలుదేనా అని అడగసాగాడు. కోడలు లైటు పట్టుకుంది. పాతబళ్ళాయన చేతులు కట్టుకుని నిలబడి, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు.